సిరాలో సుగంధం

(పోచారం ఆలయ మండపంలో శనివారం సాయంకాల సత్సంగంలో చేసిన ప్రసంగ పాఠం)

 

భక్తమహాశయులారా! ఈ సాయంకాలం భాగవతంలోని తరువాతి ఘట్టం చెబుతానని ఎదురుచూస్తూ వచ్చినవారు నన్ను మన్నించాలి. ఈ రోజు నేను ఒక సిరాబుడ్డిని గురించి మాట్లాడదలచుకొన్నాను. వినడానికి ఇది చిన్న విషయంగా తోచవచ్చు. కాని ఈ విషయంలో నేను ఈ మండపంలోనే కూర్చొని ఒక పొరపాటు మాట అన్నాను. అన్నచోటనే దానిని దిద్దుకోవడం న్యాయం కాబట్టి ఈ వేళ ఇది ఎత్తుకొన్నాను.

జరిగినది ఇది. క్రిందటి నెల సత్సంగం ముగిసిన పిమ్మట ఒక అమ్మ నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, నేను రామకోటి వ్రాసుకొంటున్నాను. ఏడు లక్షలు దాటినవి. మా అబ్బాయి విదేశం నుంచి వస్తూ ఇంకు పెన్నూ, గులాబీ వాసన వచ్చే సిరా తెచ్చి ఇచ్చాడు. దానితో వ్రాస్తుంటే ఎంతో హాయిగా ఉంటున్నది. వ్రాయవచ్చునా?" అని అడిగినది. అప్పటికి ప్రసాద వితరణ జరుగుతున్నది, నేను లేచే తొందరలో ఉన్నాను. "అమ్మా, మనం వాసన చూసిన పువ్వు దేవునికి పనికిరాదు గదా! ఇదీ అంతే. మామూలు సిరాతో వ్రాసుకో" అన్నాను. ఆమె మరు మాట లేకుండా నమస్కరించి వెళ్ళిపోయినది. తరువాత వారి పొరుగింటివారి వలన తెలిసినది: ఆ సిరాతో వ్రాసిన పుస్తకాలు చెల్లవేమో అనే బెంగతో ఆమె రామకోటి వ్రాయడమే మానుకొన్నదట. పుస్తకాలన్నీ మూట కట్టి అటక మీద పెట్టించినదట.

ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర రాలేదు. ఏబది ఏండ్లు పాఠం చెప్పినవాడిని. విద్యార్థి ప్రశ్న వేస్తే పూర్వపక్షం, సిద్ధాంతం అని విడదీసి చూడకుండా జవాబు చెప్పకూడదని వారికి బోధించినవాడిని. అటువంటి నేను, ప్రసాదపు దొన్నె చేతిలో పట్టుకొని, ఒక సామ్యం దొరికినది కదా అని తీర్పు చెప్పివేశాను. ఆ తరువాత ఈ నెల రోజులూ ఆలోచించాను, కొంత చదివాను, కొంత ప్రయోగం కూడా చేశాను. ఆ ప్రయోగం సంగతి చివర చెబుతాను, అది నవ్వులాటగా ముగిసినది.

ముందు ఈ పదార్థమేమిటో చూద్దాము. మా మనుమరాలు ఇక్కడే మన పోచారంలో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నది. రోజంతా మీటలు నొక్కే ఉద్యోగమే అయినా ఇంటికి వచ్చి ఇంకు పెన్నుతో దినచర్య వ్రాసుకొంటుంది. ఈ కాలపు పిల్లలలో ఈ అభిరుచి తిరిగి వచ్చినదని ఆమె వలననే తెలిసినది. నా చింత చూసి, "తాతయ్యా, చూడకుండా ఎందుకు వాదించడం?" అని ఒక చిన్న బుడ్డి తెప్పించి ఇచ్చినది. ఫ్రాన్సు దేశంలో 1670వ సంవత్సరం నుండి తన చరిత్ర చెప్పుకొనే ఎర్బాఁ అనే పాత సంస్థ ఉన్నది. మొదట లక్కముద్రల లక్క చేసినవారు, పిదప సిరాలు. గులాబీ, లావెండరు వంటి వాసనలతో సిరాలు చేస్తారు. జర్మనీలోనూ ఇటువంటివి చేసేవారున్నారు. రంగు సామాన్యమే. కాని మూత తీయగానే గది నిండా కాదు, కాగితానికి దగ్గరగా వంగినవానికి మాత్రమే అందేటంత మెల్లని పరిమళం. వ్రాసిన అక్షరం ఆరిన తరువాత కొంతసేపు ఉంటుంది. పుస్తకం మూసి మరునాడు తెరిస్తే ఒక పలకరింపులాగా మళ్ళీ తగులుతుంది. కొన్ని దినాలకు పోతుంది. ఇంతే దాని మహిమ.

మరి జనులకు దాని మీద అంత మక్కువ ఎందుకు? మా మనుమరాలిని అడిగితే, "వ్రాయడం నిదానమవుతుంది తాతయ్యా" అన్నది. ఈ జవాబు నాకు నచ్చినది. దానిని మనస్సులో ఉంచుకోండి, మళ్ళీ వస్తాము.

సిరాకు వాసన క్రొత్త కాదు. మన చిన్ననాట ప్రతి సిరాకూ ఒక వాసన ఉండేది, అది పరిమళం కాకపోవచ్చు గాక. నేను గోదావరి తీరంలో సంస్కృత పాఠశాలలో చదువుకొన్నవాడిని. ఇంకు బిళ్ళలను నీళ్ళలో కరిగించి సిరా చేసుకొనేవారము. ఇంకా పాతకాలపు పద్ధతిలో మా వంటస్వామి కరక్కాయల కషాయంలో అన్నభేది కలిపి నల్లసిరా చేసి ఇచ్చేవాడు. కరక్కాయలోని వగరు, అన్నభేదిలోని ఇనుము కలిసినప్పుడు మొదట పలుచగా కనిపించి, కాగితం మీద గాలి తగిలిన కొలదీ నల్లబడుతుంది. దాని వాసన తుప్పు పట్టిన మేకును నాలుకకు తగిలించినట్లుండేది. అంగడిలో కొనే సీసా సిరాలకు మరొక వాసన, ఆసుపత్రి వరండాలో వచ్చే వాసన వంటిది. అది కూడా నిష్కారణం కాదు. నీటిలో రంగు కలిపి ఊరక ఉంచితే బూజు పడుతుంది. బూజు పట్టకుండా ఫినాలు వంటి మందు చుక్క వేసేవారు. ఆ వాసన తగిలితే నాకు ఈనాటికీ పరీక్షలు జ్ఞాపకం వచ్చి కడుపులో కదులుతుంది.

నా మొదటి కలం రాజమహేంద్రవరంలో కొన్నది. ఆ ఊరి కలముల కథ మీలో కొందరు ఎరిగినదే. స్వర్ణకారవృత్తిలో ఉన్న కోసూరి వెంకటరత్నంగారు గాంధీమహాత్ముని ప్రోత్సాహంతో స్వదేశీ కలం చేయబూని 1932లో ఆ పని ప్రారంభించారు. వారు పంపిన కలమును వాడి చూసి, అది అంగళ్ళలో దొరికే విదేశీ కలములకు బదులుగా నిలువగలదని మహాత్ముడు 1935 జూలైలో ఉత్తరం వ్రాశారు. అదే కాలంలో, 1934లో, వంగదేశంలో సులేఖ అనే స్వదేశీ సిరా పుట్టినది. కలం మనది, సిరా మనది కావాలని ఆనాటివారి పట్టుదల. ఆ రాజమహేంద్రవరపు కలములు ఎబొనైటుతో చేసినవి. రబ్బరును గంధకంతో కలిపి కాచి గట్టిపరిస్తే ఎబొనైటు అవుతుంది. కొత్త కలం మర విప్పి ముక్కు దగ్గర పెట్టుకొంటే మెల్లగా గంధకపు వాసన వచ్చేది. గంధకం అనే పేరులోనే గంధం ఉన్నది చూడండి! మేము దానిని పరిమళంలాగానే పీల్చుకొనేవారము. కొత్త కలం ఆనందం అటువంటిది.

అయితే నా ముక్కుకు తెలిసిన అసలైన లేఖన సుగంధం కలముది కాదు, సిరాది కాదు. తాటాకుది.

మా గురువుగారి ఇంట పెద్దల నాటి తాళపత్ర గ్రంథాలు ఒక చెక్కపెట్టె నిండా ఉండేవి. తాటాకు మీద సిరాతో వ్రాయరు. లోహపు గంటముతో గీస్తారు. గీసినప్పుడు అక్షరం కంటికి ఆనదు. ఆ తరువాత దీపపు మసిని నూనెతోనో ఆకుపసరుతోనో కలిపి కమ్మ మీద రుద్ది తుడిచివేస్తే, గీతలలో నిలిచిన నలుపే అక్షరమవుతుంది. ఏడాదికొకసారి, ఎండలు ముదిరినప్పుడు, ఆ గ్రంథాలను విప్పి నీడలో ఆరబెట్టి, ఒక్కొక్క కమ్మకూ నిమ్మగడ్డి నూనె రాయడం శిష్యుల పని. ఆ నూనె రెండు పనులు చేస్తుంది. ఎండి పెళుసెక్కిన ఆకుకు మెత్తదనం ఇస్తుంది. పురుగును దగ్గరకు రానివ్వదు. వేలి కొసన గుడ్డ చుట్టుకొని రోజంతా రాస్తే రెండు వారాల వరకు అన్నం ముద్దలో కూడా ఆ వాసనే. అప్పుడు విసుక్కొనేవాడిని. తంజావూరు సరస్వతీ మహలు గ్రంథాలయంలో, అక్కడ మన తెలుగు గ్రంథాలు ఎన్నో ఉన్నవి, వస, లవంగం, మిరియం, దాల్చినచెక్క, కర్పూరం మొదలైన వాటిని పొడి చేసి చిన్న మూటలుగా కట్టి గ్రంథాల నడుమ ఉంచే పద్ధతి ఉండేది. అక్షరాన్ని కాపాడడానికి మన పెద్దలు పెట్టిన కావలి సుగంధమే అన్నమాట.

ఇక్కడ ఒక మాట. నిమ్మగడ్డిని చూడడానికి మీరు గోదావరి దాకా పోనక్కరలేదు. మన ప్రక్కనే, బోడుప్పల్‌లో, ఔషధ సుగంధ మొక్కల పరిశోధనకు కేంద్ర సంస్థవారి క్షేత్రం ఉన్నది. నిమ్మగడ్డి, వట్టివేరు వంటివాటి సాగు మీద వారు పని చేస్తారు. తాళపత్రాలను చూడాలంటే ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉన్నది. ఉప్పల్ దాటి మూసీ వంతెన దగ్గర బస్సు కిటికీలు మూసుకొనే మనకు, ఇంటికి అటూ ఇటూ ఇంత సుగంధం ఉన్నదని జ్ఞాపకం చేసుకోవడం మంచిది.

ఇప్పుడు సుగంధపు సిరా అనే దానికే వద్దాము. ఇది పాశ్చాత్యుల విలాసం, మన సంప్రదాయంలో లేదు అనేవారికి నేను అష్టగంధాన్ని చూపుతాను. యంత్రలేఖన సంప్రదాయంలో భూర్జపత్రం మీద, అనగా హిమాలయాలలో పెరిగే ఒక చెట్టు పట్ట మీద, మంత్రాక్షరాలను సుగంధ ద్రవ్యాల మిశ్రమంతో వ్రాస్తారు. శారదాతిలకం వంటి తంత్రగ్రంథంలో ఈ గంధాష్టకం శక్తికి, విష్ణువుకు, శివునికి వేరువేరుగా మూడు విధాలుగా చెప్పబడినది. చందనం, అగరు, కర్పూరం, కుంకుమపువ్వు, గోరోచనం మొదలైనవి వీటిలో వచ్చే ద్రవ్యాలు. వీటిని అరగదీసి, జాజిపుల్లతోనో దానిమ్మపుల్లతోనో వ్రాస్తారు. ఇది సుగంధపు సిరా కాక మరేమిటి? వ్రాసేవాని ముక్కు ఆ పత్రానికి జానెడు దూరంలోనే ఉంటుంది కదా! వాసన తగులుతుంది కాబట్టి ఆ యంత్రం పనికిరాదని ఎవ్వరూ అనలేదు. ఈ ఒక్క ఉదాహరణ ఆ రోజు నాకు తోచి ఉంటే ఆ అమ్మను అంత క్షోభ పెట్టి ఉండేవాడిని కాను.

లౌకిక సాహిత్యంలో కూడా, కుమారసంభవం మొదటి సర్గలో హిమవంతుని వర్ణిస్తూ కాళిదాసు విద్యాధర స్త్రీలు భూర్జపత్రాల మీద గైరికాది ధాతువుల రసంతో ప్రేమలేఖలు వ్రాసుకొంటారని చెబుతాడు. అక్కడ ఆయన చూపినది రంగు, సుగంధం కాదు. లేనిదానిని కవి నోట పెట్టకూడదు. పారశీక లేఖకులు సిరాలో పన్నీరూ, కుంకుమపువ్వూ కలిపేవారు. చీనా దేశీయులు మసిని జంతుచర్మపు జిగురుతో కలిపి కడ్డీలుగా చేస్తారు. ఆ జిగురు దుర్గంధాన్ని అణచడానికి కస్తూరి, కర్పూరం కలిపేవారు. మనవారు సాధారణ సిరాకు సుగంధం అంతగా కలపకపోవడానికి కారణం ఇదేమో అని నాకు అనిపిస్తుంది: మనది తుమ్మబంక. దానికి దుర్వాసన లేదు. అణచవలసినది లేనప్పుడు కస్తూరి ఎందుకు? ఇది నా ఊహ మాత్రమే, ప్రమాణం కాదు.

శాస్త్రం వైపు ఒక అడుగు వేద్దాము. మన తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహం చదివిన బాలుడు కూడా చెప్పే మాట: గంధం పృథివికి మాత్రమే చెందిన గుణం. అది సురభి, అసురభి అని రెండు విధాలు. నీటికి గంధం లేదు. నీటిలో వాసన తెలుస్తున్నదే అంటే, అందులో కలిసిన పార్థివ ద్రవ్యానిదే ఆ గంధం, నీటిది కాదు. బాల్యంలో దీనిని వల్లెవేసి మరచిపోయాము. ఈ సిరాబుడ్డి నాకు దానిని మళ్ళీ కళ్ళ ముందు పెట్టినది. ఇంకు పెన్ను సిరా అంటే చాలా వరకు నీరే, అందులో కరిగిన రంగు. పరిమళం ఇచ్చే తైలం నీటిలో కరగదు. పైకి తేలుతుంది. తేలకుండా నీటిలో నిలపడానికి చేసేవారు ప్రత్యేకంగా ఉపాయాలు చేయవలసి వస్తుంది. అనగా నీరు నీరుగానే ఉన్నది, గంధం అతిథిగా వచ్చి కూర్చున్నది. ఉండమన్నన్నాళ్ళు ఉండదు, గాలిలో కలిసిపోతుంది.

అదే శాస్త్రంలో జ్ఞాపకం గురించిన మాట ఉన్నది. ఒకనాటి అనుభవం ఆత్మలో సంస్కారంగా నిలుస్తుంది. అది నిద్రాణంగా ఉంటుంది. దానిని మేల్కొలిపేది ఒకటి తగిలినప్పుడు స్మృతి పుడుతుంది. ఆ మేల్కొలిపేదానికి ఉద్బోధకం అని పేరు. చూపు, మాట, పోలిక, ఏదైనా ఉద్బోధకం కావచ్చు. కాని గంధానికి ఉన్న చొరవ మరి దేనికీ లేదని నా అనుభవం. వాసన పట్టే నాడి, జ్ఞాపకమూ భావోద్వేగమూ పుట్టే మెదడు భాగాలకు మిక్కిలి దగ్గరి దారిలో చేరుతుందని నేటి వైద్యశాస్త్రం కూడా చెబుతున్నది.

నా అనుభవం అన్నాను. 2021లో ఆ మహమ్మారి రెండవసారి విజృంభించినప్పుడు మా ఇంటికీ వచ్చినది. నేను కోలుకొన్నాను. మా ఇంటి ఇల్లాలు కోలుకోలేదు. నాకు దాదాపు ఐదు నెలలు వాసన తెలియలేదు. ఆమె పోయిన తరువాత ఆమె పెట్టె తెరిచాను. మడత చీరలలో ఆమె వట్టివేరు పెట్టుకొనేది. తెరిచి ముఖం దగ్గర పెట్టుకొంటే గుడ్డ స్పర్శ తెలిసినది, అంతే. ఏమీ లేదు. ఆ పెట్టెను మూసి, మళ్ళీ తెరవడానికి భయపడి, మూడు నెలలు అట్లే ఉంచాను. వాసన తిరిగి వచ్చినప్పుడు మొట్టమొదట తెలిసినది వట్టివేరు కాదు, వంటింట్లో మాడిన పోపు! నవ్వండి, ఫరవాలేదు, నేనూ నవ్వాను. ఆ సాయంకాలమే పెట్టె తెరిచాను. అప్పుడు ఆమె ఉన్నది.

సుగంధపు సిరాను విలాసమని కొట్టిపారవేయడానికి నోరు రాకపోవడానికి ఇదొక కారణం. ఒకనాడు ఆ అమ్మ పుస్తకాన్ని ఆమె మనుమలు తెరుస్తారు.

ఇక ప్రశ్నకు వద్దాము. పూర్వపక్షం నేను చెప్పినదే: ఆఘ్రాణించిన పుష్పం దేవునికి సమర్పించకూడదు, సుగంధపు సిరాను వ్రాసేవాడు ఆఘ్రాణిస్తున్నాడు, కావున అది సమర్పణకు తగదు. ఈ వాదంలో రెండు లోపాలున్నవి.

మొదటిది, ఆఘ్రాణం అనే మాటకు అర్థం. సమర్పించవలసిన పువ్వును ముందుగా తాను ముక్కుకు ఆనించుకొని దాని సౌరభాన్ని అనుభవించడం నిషిద్ధం. అక్కడ దోషం భోగబుద్ధిది. మాల కట్టేవారికి మల్లెల వాసన సోకదా? గర్భగుడిలో చందనం అరగదీసే అర్చకస్వామి ఊపిరి బిగబట్టి తీస్తారా? మడితో నైవేద్యం వండే ఇల్లాలికి చక్కెరపొంగలిలో వేసిన పచ్చకర్పూరం తెలియదా? తానుగా వచ్చి సోకిన గంధం వేరు, కోరి ముందుగా అనుభవించినది వేరు. ఈ భేదం చూడకుండా రెండింటినీ ఒకే గాటన కట్టడం నా తప్పు.

రెండవది ఇంకా ముఖ్యం. రామకోటిలో స్వామికి సమర్పించేది ఏమిటి? సిరా కాదు. నామం. అది లిఖిత జపం. నోటితో చేసే జపంలో నాలుక ఎట్లో, ఇందులో కలము, సిరా అట్లే. అవి సాధనాలు, ఉపచారాలు కావు. షోడశోపచారాలలో గంధసమర్పణ వేరుగా ఉన్నది, దాని నియమాలు దానివి. తాంబూలం వేసుకొన్న నోటితో జపం చేయవచ్చునా అని అడిగితే అది ఆలోచించవలసిన ప్రశ్న, ఎందుకంటే అక్కడ ఉచ్ఛిష్టం ఉన్నది. సిరాకు ఉచ్ఛిష్టం ఎక్కడిది? జపం చేసేచోట అగరువత్తి వెలిగించుకొంటాము. ఆ పొగ మనకూ సోకుతుంది, జపం చెడిపోయిందని లేచిపోము. మనస్సు నిలవడానికి ధూపం ఎట్లా తోడ్పడుతుందో ఈ సిరా పరిమళం అట్లా తోడ్పడితే, మా మనుమరాలు అన్నట్లు వ్రాత నిదానమైతే, రామ అనే రెండక్షరాల మీద చేయి ఇంకొక క్షణం నిలిస్తే, అది సాధకునికి సహాయమే. గీతలో ఏడవ అధ్యాయంలో భగవానుడు పృథివిలోని పుణ్యగంధం తానేనని చెప్పుకొన్నాడు. ఆయన ఉన్నచోటికి ఆయన నామాన్ని రావద్దని చెప్పడానికి నేనెవరిని?

అయితే పరిమళం కోసమే పుస్తకం తెరిచి, వ్రాయడం మరచి మూత తీసి వాసన చూస్తూ కూర్చునేవారి సంగతి వేరు. అది ఎవరికి వారు చూసుకోవలసినది. మరొకటి, ఇక్కడ మండపంలో అందరమూ కలిసి కూర్చొని వ్రాసే రోజులలో మాత్రం సుగంధపు సిరా తేవద్దని మనవి. ఉబ్బసం ఉన్నవారికీ, వాసనలకు తలనొప్పి వచ్చేవారికీ ఇబ్బంది కలుగుతుంది. ఇంట్లో మీ ఇష్టం. ఇందుకోసం ఎవ్వరూ ఖరీదు పెట్టి కొనవలసిన పని కూడా లేదు. పెన్సిలుతో వ్రాసినా, పుల్లతో ఇసుకలో వ్రాసినా నామం నామమే.

ఇక నా ప్రయోగం. విదేశపు సిరా ఎందుకు, మన పద్ధతిలో మనమే చేసుకొందామని బుద్ధి పుట్టినది. పూజగదిలోని మంచి గంధపుచెక్కను సానమీద అరగదీసి, ఆ గంధాన్ని మామూలు నీలిసిరాలో కలిపి, చాలదన్నట్లు రెండు చుక్కలు అత్తరు కూడా వేసి, నా రాజమహేంద్రవరపు కలంలో నింపాను. మొదటి పంక్తి వచ్చినది. రెండవ పంక్తిలో అక్షరాల చుట్టూ నూనె మరకలు తేలి, వెనుక పుట వరకు దిగినవి. మూడవ పంక్తిలో కలం మొరాయించినది. సిరా వచ్చే దారి తలవెంట్రుక వంటిది. గంధపు నలుసు అందులో చేరితే ఇంకేమున్నది? మనుమరాలు కలం విప్పి, గోరువెచ్చని నీటిలో రాత్రంతా నానబెట్టి, పాళీని మెత్తని కుంచెతో శుభ్రం చేసి, నాలుగు రోజులకు ఎట్లాగో బ్రతికించినది. ఆ నాలుగు రోజులూ నేను వినవలసిన మాటలు విన్నాను. కాబట్టి దయచేసి ఎవ్వరూ అష్టగంధాన్ని గాని, అత్తరును గాని, కుంకుమపువ్వు నీటిని గాని ఇంకు పెన్నులో పోయకండి. అవి పుల్లకలానికి, భూర్జపత్రానికి తగినవి. కలం కోసమని తయారైన సుగంధపు సిరా అయినా పదిహేను రోజులకొకసారి నీటితో కడుక్కోవాలి. అడ్డాకుకు కారే పులుసు వడ్డించినట్లుండకుండా కాగితం కొంచెం దళసరిది చూసుకోవాలి. వ్రాసిన పుట ఆరేవరకు పుస్తకం మూయవద్దు.

పుస్తకం చాలాకాలం నిలవాలనుకొనేవారికి పాత ఉపాయమే మంచిది. సిరా మామూలుది వాడండి. నింపిన పుస్తకాలను ఎర్రగుడ్డలో చుట్టి, వసకొమ్ములు, లవంగాలు చిన్న మూటగా కట్టి ప్రక్కన పెట్టండి. భద్రాచలం పంపేవరకు పురుగు రాదు, తెరిచినప్పుడు సుగంధమూ ఉంటుంది. నూనెలు మాత్రం కాగితానికి రాయకండి, అవి తాటాకుకే.

ఆ అమ్మ ఈ రోజు సభకు రాలేదని గమనించాను. ఆ రోజు నా మాట తరువాత రావడం లేదని కూడా విన్నాను. అందుకే ఈ ప్రసంగాన్ని ఉన్నది ఉన్నట్లు మన మాసపత్రికలో అచ్చు వేయమని నిర్వాహకులను కోరాను. పత్రిక ప్రతి ఇంటికీ వెళుతుంది కదా, వారి ఇంటికీ వెళుతుంది.

అమ్మా! ఆ రోజు నేను చెప్పినది తప్పు. మీరు వ్రాసిన ఏడు లక్షల నామాలలో ఒక్కటి కూడా వృథా కాలేదు. అటక మీది మూట దింపించండి. ఏ గడి దగ్గర ఆగారో అక్కడి నుండే మొదలుపెట్టండి, వెనుకటివి మళ్ళీ వ్రాయనక్కరలేదు. మీ అబ్బాయి తెచ్చిన సిరా ఆరిపోయి ఉంటే, మా మనుమరాలు తెప్పించిన బుడ్డిలో ముప్పాతిక వంతు అట్లే ఉన్నది. వచ్చే శనివారం మండపంలో నా దగ్గర ఉంటుంది. వచ్చి తీసుకొని వెళ్ళండి.